వేలి కణుపంత

ఎనుమాముల యార్డుల
మిర్చి కుప్పల నడుమ కూసున్నంక
నా చేతులు నావి కావు.
తొడిమె తీసుడు, తాలు ఏరుడు,
తేజ ఒక దిక్కు, వండర్‌హాట్ ఒక దిక్కు.
పొద్దుగూకే యాళ్లకు
పది వేళ్లు పది కొరకాసులు.
సబ్బుతోని కడిగిన, పెరుగు పూసి కడిగిన,
మంచినూనె రాసి తుడిసిన,
గోటి సందుల కారం గోటి సందులనే.

ఇంటికాడ నాలుగేండ్ల లాస్య.
మోచేతి మడతల, మోకాలి ఎనుక, మెడ సుట్టు
దురద.
రాత్రి పన్నెండు గొట్టంగ
పరుపు మీద గోళ్ల సప్పుడు,
ఎలుక గోనెసంచి కొరికినట్టు.
తెల్లారి దుప్పటి దులిపితె
పొట్టు, రెండు నెత్తురు సుక్కలు.
నేను ముట్టొద్దు.
కన్నదాన్ని, ముట్టొద్దు.

అత్త కొమురవ్వ యాపాకు నూరి పెట్టింది.
పిల్ల కేక మూడిండ్ల అవతల ఇనవడ్డది.
"తామరే గదా, ఎండుతది" అన్నది అత్త.
తామర!
పువ్వు పేరు తెచ్చి రోగానికి పెట్టినోడు ఎవడో,
వానికి పిల్లలు లేరు కావచ్చు.

మందుల షాపు మొండయ్య ట్యూబు ఇచ్చిండు,
"అందరికి గిదే ఇస్తున్న" అని.
మూడు పొద్దులల్ల తోలు నున్నగ,
మొండయ్య దేవుడు.
ఆపిన ఎనిమిదో నాడు
పోయిందంత వడ్డీతోని వచ్చింది.
మడతల తోలు ఉల్లిపొర తీర్గ
అవతలి నరం కనవడేటట్టు.

ఎంజీఎంల చర్మం ఓపీ, ముప్పై రెండో చీటీ.
డాక్టరమ్మ అద్దం పెట్టి చూసింది.
మొండయ్య ట్యూబు చూసింది.
తిట్టలే.
"ఇది తామర కాదు, ఎగ్జిమా.
ఎవలికి అంటదు.
ఈ పిల్ల తోలుకు తడి పట్టి పెట్టుకునే గుణం తక్కువ."
"పోతదా అమ్మా?"
"పోతదని చెప్పను. అణుగుతది.
మళ్ల లేస్తది, మళ్ల అణచాలె."
గంత ఉన్నమాట చెప్పిన మనిషిని
యార్డుల కాంటా కాడ సుత నేను చూడలే.

కొత్త మందు ఎంత పెట్టాలె అంటె
సూపుడు వేలు లేపింది.
"పెద్దల వేలి కొస కణుపంత.
రెండు అరచేతుల జాగకు అది సాలు."
నేను నా వేలు చూసుకున్న.
డాక్టరమ్మ కొమురవ్వ వేలు చూసింది.

అత్త అదను చూసి అడిగింది:
"మరి యాపాకు? కొబ్బరినూనె?"
"పగిలిన తోలు మీద యాపాకు వద్దవ్వా.
గానుగ కొబ్బరినూనె రాయుండ్రి,
తానం చేపిచ్చినంక తడి ఆరకముందే.
గోరెచ్చ నీళ్లు, అయిదు నిమిషాలు, అంతే.
పాత నూలు చీర ఉందా ఇంట్ల?"
ఉందా అంటది!
కొమురవ్వ సందుగ నిండ అవే.

ఆయుర్వేద దవాఖానల పెద్దాయన
కషాయం పేరు రాసి
"ముందుగాల ఆ డాక్టరమ్మకు చూపెట్టు" అన్నడు.
ఆమె చదివి, "ఇంక కొన్నొద్దులు ఆగుదాం" అన్నది.
ఆ కాయితం దేవుని పటం ఎనుక ఉన్నది.

ఇప్పుడు రాత్రి కాశిబుగ్గల మా ఒక్క అర్రల
అత్త కణుపు కొలుస్తది,
తులం బంగారం జోకినట్టు.
చీర పేలిక తడిపి పిండి మోకాలికి సుడ్తది,
దాని మీద పొడి పేలిక.
దురద లేస్తె గోకొద్దు, తట్టు అన్నరు.
లాస్య తన కాలును డప్పు చేసి తడ్తది,
అత్త నోటితోని దరువు అందుకుంటది.
నేను గడప మీద
చేతులు కొంగుల సుట్టుకొని చూస్తుంట.
కుళ్లు పుడ్తది, అబద్ధమెందుకు.

మొన్న పండుగకు యార్డు మూడొద్దులు బందు.
మూడో నాటి రాత్రి
లాస్య నా వేలు ముక్కు కాడ పెట్టుకున్నది.
"ఇంక ఉన్నదే అమ్మా కారం."
అన్నది గాని ఇడువలే.
బట్ట సుట్టిన కాలు నా మీదేసి
ఆ వేలునే పట్టుకొని పండింది.

ఎండలు ముందున్నయ్. చెమట.
మళ్ల లేస్తది.
ట్యూబుల ఇంక సగం ఉన్నది.